కార్డుకి పెట్టిన బొట్టు

వీరబాబుకి ఉన్న వ్యసనం ఒక్కటే, బొట్టు పెట్టడం. తాగడు, పేకాడడు కాబట్టి ఇంట్లోవాళ్లు దీన్ని గొప్పగానే చెప్పుకునేవారు. కొత్త వస్తువు ఏది కొన్నా పసుపు తడిపి అద్ది, మీద కుంకుమ పెట్టి, అగరొత్తులు తిప్పితేగానీ వాడేవాడు కాదు. వీడియో కెమెరాకి పెట్టాడు, స్టాండుకి పెట్టాడు, పెళ్లి లైట్లకి పెట్టాడు. ఒకసారి నా దగ్గర అరువు తీసుకున్న ప్లాస్టిక్ కుర్చీకి కూడా బొట్టు పెట్టి తిరిగిచ్చాడు. మాది క్రైస్తవ కుటుంబం, మా ఇంట్లో పసుపు కూరల్లోకే.

"ఏంది తమ్ముడూ, నా కుర్చీకి పెళ్లి గానీ చేశావా?" అన్నాను.

"అలవాటక్కా. కొత్తగా కనబడింది, చెయ్యి ఆగలేదు" అని తల గోక్కున్నాడు.

నా పేరు దేవకుమారి. అద్దంకి బస్టాండుకి ఎదురు సందులో ఎస్టీడీ బూతు, జిరాక్సు మిషను నడిపేదాన్ని. నా బూతుకి ఆనుకుని వీరబాబు వీడియో మిక్సింగ్ గది. మధ్యలో చెక్క గోడ. అతను అక్కడ తుమ్మితే ఇక్కడ ఫోన్లో మాట్లాడేవాళ్లు ఉలిక్కిపడేవారు. అందుకని ఈ కథలో నేను చూడనిది కొంత ఉంటే ఉండొచ్చుగానీ, విననిది లేదు.

వీరబాబుది మిర్చి, పత్తి వేసే ఇల్లు. మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో ఇంటిల్లిపాదీ పనిచేస్తుంటే ఇతను ఓ మూల నిలబడి తుమ్ముతూ ఉండేవాడట. "వ్యవసాయం నాకు పడలేదని కాదక్కా, నా ముక్కుకి పడలేదు" అనేవాడు. చిలకలూరిపేటలో ఒక స్టూడియోలో పని నేర్చుకొచ్చి, చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ తీసేవాడు. పందిట్లో ఉన్నవాళ్లనే కాదు, వంటల దగ్గర గరిటె తిప్పేవాళ్లనీ, ఎంగిలాకులు ఎత్తేవాళ్లనీ కూడా తీసేవాడు. "వాళ్లెందుకయ్యా?" అని పెళ్లివారు విసుక్కుంటే, "ఆళ్లూ చూసుకోవాలి గదండీ" అనేవాడు. మనిషి మంచివాడు. కోపం మాత్రం ఆ తుమ్ముల ముక్కు మీదే ఉండేది.

అతనికి ప్రాణస్నేహితుడు బాజీ. ఇద్దరూ ఒక బడి, ఒక బెంచీ. బాజీ తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి జానీబీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లి కొడుకుని చదివించింది. బాజీ ఒంగోల్లో కంప్యూటర్ల పని నేర్చుకుని బస్టాండు వెనక చిన్న కొట్టు పెట్టాడు. వీరబాబు గదిలో ఉన్న కంప్యూటర్ని ఒక్కొక్క భాగమూ తెచ్చి కూర్చింది అతనే. వాళ్లిద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవారు. జానీబీని వీరబాబు పిన్నీ అని పిలిచేవాడు.

రెండువేల ఐదులో పెళ్లిళ్లకి గ్రాఫిక్స్ పిచ్చి పట్టింది. తలంబ్రాలు చూపిస్తే సరిపోయే రోజులు పోయాయి. పెళ్లికూతురు ఫొటో తామరపువ్వులోంచి పైకి లేవాలి. రెండు హంసలు ఎగురుకుంటూ వచ్చి పెళ్లికొడుకు పేరు ముక్కున కరుచుకుని నిలబడాలి. ఆ మాఘమాసంలో వెంకటనారాయణగారని ఒక పెద్ద రైతు, కూతురి పెళ్లి తీయించుకుని, "హంసలు లేకపోతే సీడీలే వద్దు" అని తెగేసి చెప్పాడు. వీరబాబు పాత కంప్యూటరు ఆ హంసల్ని మోయలేదు. తెర మీద బొమ్మల్ని గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డు వేరేగా కొని లోపల బిగించాలన్నాడు బాజీ.

గుంటూరు నుంచి కార్డు తెచ్చింది కూడా బాజీయే. డబ్బా విప్పి, రాత్రి తన కొట్లో మిషనుకి పెట్టి చూసుకుని, పొద్దున్నే వీరబాబు చేతిలో పెట్టాడు. "నేను దర్శి పోతన్నా, బళ్లో కంప్యూటర్లు చూడాలి. వచ్చాక బిగిస్తాలేరా" అన్నాడు.

"ఇయ్యాళ గురువారం, మంచి రోజు. నేనే పెట్టుకుంటా పో" అన్నాడు వీరబాబు.

కొబ్బరిచిప్ప ఇవ్వడానికి నన్ను పిలిస్తే వెళ్లాను. ఇత్తడి పళ్లెంలో కార్డు ఉంది. పచ్చటి అట్ట, దాని నిండా నల్లటి పురుగుల్లాంటి ముక్కలు, మధ్యలో చిన్న ఫ్యాను. కింది అంచున మాత్రం బంగారు రంగు గీతలు వరసగా తళతళా మెరుస్తున్నాయి. బొట్టు ఎక్కడ పెట్టాలా అని వీరబాబు దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"బంగారం లాంటి చోటు ఉండగా వేరేచోట ఎందుకు పెడతామక్కా?" అని, ఆ అంచు పొడవునా గడపకి రాసినట్టు పసుపు రాశాడు. మీద కుంకుమ చుక్కలు వరసగా పెట్టాడు. కంప్యూటరు సామాన్లకి తడి తగలకూడదని బాజీ చెప్పిన మాట గుర్తుంచుకుని, చాలాసేపు ఫ్యాను కింద ఆరబెట్టాడు. చూడ్డానికి నిజంగానే ముచ్చటగా ఉంది.

బిగించి స్విచ్ వేస్తే కార్డుకి తగిలించిన తెర నల్లగానే ఉండిపోయింది. వైరు తీసి పాత చోట పెడితే బొమ్మ వస్తోంది. కానీ లోపల ఏమేం సామాన్లు ఉన్నాయో కంప్యూటరు చూపించే చోట ఈ కార్డు ఊసే లేదు. ఉన్నట్టే గుర్తించడం లేదు.

నా బూతులోకి వచ్చి బాజీ సెల్లుకి ఫోన్ చేశాడు. బాజీ అటునుంచి ఓపిగ్గా చెబుతున్నాడు, ఇతను అవునవునంటున్నాడు. స్లాటులో పూర్తిగా దిగిందా? దిగింది. క్లిక్‌మని శబ్దం వచ్చిందా? వచ్చింది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో మార్చావా? మార్చాను. చివరికి, "బంగారు గీతలు శుభ్రంగా ఉన్నాయా? దుమ్మేమన్నా పట్టిందా?" అని అడిగినట్టున్నాడు. వీరబాబుకి రోషం వచ్చింది.

"దుమ్మేందిరా! దేవుడి దగ్గర పెట్టి తీసిన వస్తువు. నీ కొట్లో కన్నా శుభ్రంగా ఉంది."

పసుపు అతనికి కనబడలేదని కాదు. కార్డు ఊడదీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాడు. స్లాటులో రాసుకుని కాస్త చెదిరితే, అదే లోపమేమోనని మళ్లీ రాసేవాడు. ఇంత చేసినా రావడం లేదంటే తప్పు కార్డులోనే ఉందని అతని లెక్క. సాయంత్రానికి ఆ అంచు మీద పసుపు పెచ్చుగట్టింది.

మర్నాడు డబ్బా మీద ఉన్న నంబరు చూసి గుంటూరు కొట్టుకి ఫోన్ చేశాడు. వాళ్లు తిరిగి తీసుకునేది లేదన్నారు. డబ్బా విప్పింది ఎవరని అడిగారు. మా ఫ్రెండు అన్నాడు. "వేరేవాళ్ల చేతికిచ్చాక మాకేం సంబంధమండీ? మంచిది తీసుకుని పాడైంది పెట్టేవాళ్లు కూడా ఉంటారు" అన్నారట. వాళ్లు తమ మీదకి రాకుండా ఏదో అన్నారు. వీరబాబు రిసీవరు పెట్టేసి కాసేపు నా గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బాజీ రాత్రంతా కార్డు తన దగ్గరే ఉంచుకున్నాడు గదక్కా" అన్నాడు.

"నోరు కడుక్కో" అన్నాను. వినలేదు.

బాజీ వచ్చేసరికి వెంకటనారాయణగారు గదిలో కూర్చుని హంసల గురించి కేకలేస్తున్నాడు. సందులో టీకొట్టు ఆదెయ్య, బస్సు కోసం నిలబడ్డవాళ్లు తొంగిచూస్తున్నారు. బాజీ చెప్పులు విడిచి, చొక్కా చేతులు మడుచుకుని, "ఏదిరా, జరుగు" అని కంప్యూటరు దగ్గరికి వెళ్లబోయాడు. వీరబాబు అడ్డంగా నిలబడ్డాడు.

"ముట్టుకోమాక. ఒకసారి ముట్టుకున్నావుగా, చాలు. కొత్త కార్డు నీ మిషనుకి పెట్టుకుని పాతది నాకు తెచ్చావు. అవునా కాదా?"

బాజీ మొదట నవ్వాడు, వేళాకోళం అనుకుని. తరవాత అందరి మొహాలూ చూశాడు.

"చూడనియ్యరా ఒక్కసారి" అన్నాడు.

"చూసేదేం లేదు. నడువు."

బాజీ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఒక్క నిమిషం కార్డు అతని చేతికి ఇచ్చి ఉంటే అక్కడితో తేలిపోయేది.

అద్దంకి పెద్ద ఊరేమీ కాదు. వెంకటనారాయణగారు ఆ మాటని మార్కెట్ యార్డు దాకా మోసుకుపోయాడు. మా చర్చి బడి హెడ్మాస్టరు శ్యామ్ సుందర్‌గారు కొత్త కంప్యూటర్ల గది పని బాజీకే ఇస్తానని అంతకుముందే మాటిచ్చి ఉన్నారు. వారం తిరక్కుండా ఒంగోలు వాళ్లని పిలిపించారు. "నిజమో అబద్ధమో మనకెందుకమ్మా, పిల్లల సామాను" అని నాతోనే అన్నారు. బాజీ కొట్టు ముందు రిపేరుకి వచ్చే సామాన్లు తగ్గిపోయాయి.

ఆ వారంలోనే వీరబాబు కార్డు పట్టుకుని గుంటూరు వెళ్లాడు, కొట్టువాళ్లతో పోట్లాడదామని. అక్కడ జరిగింది తరవాత అతనే చెప్పాడు. కౌంటర్లో తేజశ్రీ అని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇతను గట్టిగా మాట్లాడుతుంటే ఆ అమ్మాయి మాట్లాడకుండా కార్డు డబ్బాలోంచి తీసింది. చూసింది. వాసన చూసింది.

"ఏంటండీ ఇది, పసుపా?"

ఆ తరవాత లోపలివాళ్లని కూడా పిలిచి చూపించింది. ఒకరు కడుపు పట్టుకుని నవ్వారట. ఆ బంగారు గీతల్లోంచే కరెంటూ కబురూ లోపలికి పోతాయని, వాటి మీద పసుపు పూస్తే నోట్లో గుడ్డలు కుక్కినట్టేనని చెప్పి, ఆ అమ్మాయి పెన్సిలు రబ్బరు తీసుకుని గీతలన్నీ రుద్ది, అక్కడున్న మిషనుకి పెట్టింది. తెర వెలిగింది. కార్డు పేరు కూడా వచ్చింది.

"వాళ్లతో పాటు నేనూ నవ్వానక్కా" అన్నాడు వీరబాబు. "సగం నవ్వులో బాజీ గుర్తొచ్చాడు. నోరు అట్టనే ఉండిపోయింది."

తిరుగు బస్సు పొడుగునా ఎదురు మిర్చి లారీలేనట. గుంటూరు యార్డుకి పోయే టిక్కీ బస్తాల ఘాటు కిటికీల్లోంచి కొట్టి బస్సంతా దగ్గులు, తుమ్ములు, కళ్లనీళ్లు. అంతమందిలో ఇతను ఏడుస్తున్నాడని ఎవరూ కనిపెట్టలేదు. అద్దంకిలో దిగగానే బాజీ కొట్టుకి వెళ్లి కాళ్లు పట్టుకుందామని మార్టూరు దాకా అనుకున్నాడట. మార్టూరు దాటాక, పసుపు సంగతి తెలిస్తే ఊరంతా ఎలా నవ్వుతుందో తలపుకొచ్చింది. దిగి నేరుగా గదికి వచ్చి తలుపేసుకున్నాడు.

హంసలు ఎగిరాయి. వెంకటనారాయణగారు చూసి మురిసిపోయాడు. "మొత్తానికి ఎట్టా బాగయింది?" అని ఎవరన్నా అడిగితే, "గుంటూరోళ్లు చూశారండీ" అనేవాడు వీరబాబు. "అయితే బాజీ మార్చింది నిజమేనన్నమాట" అంటే తల దించుకునేవాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. సిగ్గుతో చచ్చిపోతూ దించుకున్న ఆ తలని చూసి జనం ఇంకోలా అనుకున్నారు. స్నేహితుడు కదాని పాపం బయటపెట్టడం లేదు, ఎంత పెద్దమనసు అన్నారు. నేనూ అదే అనుకున్నాను, తప్పు ఆ పసుపుదని అప్పటికి నాకూ తెలియదు. సందులో వీరబాబు మర్యాద పెరిగింది. టీకొట్టు దగ్గర జరిగి చోటిచ్చేవారు. వాళ్లు చోటిచ్చినకొద్దీ ఇతను టీకి వెళ్లడమే మానేశాడు. అన్నం తినేవాడు కాదు. కొత్తగా రెండు లైట్లు కొని, వాటికి బొట్టు కూడా పెట్టకుండా మూల పడేశాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం జానీబీ వచ్చింది. కల్లం నుంచి అట్నే వచ్చినట్టుంది, కొంగు నిండా మిరపగింజలు. వీరబాబు గది గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఎప్పుడూ లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి.

"లోపలికి రా పిన్నీ" అన్నాడు వీరబాబు.

"వద్దులే నాయనా. ఒక మాట చెప్పి పోదామని వచ్చా." చెక్క గోడ ఇవతల నేను కాగితాలు తిప్పడం ఆపేశాను. "నువ్వు మావోణ్ణి బయటపెట్టకుండా కడుపులో దాచుకున్నావంట. అందరూ చెబుతున్నారు. వాడు ఎందుకు చేశాడో నాకు తెలవదు. తీశావంట్రా అని అడిగా. సమాధానం చెప్పకుండా కంచం ముందు నుంచి లేచిపోయాడు. లేచిపోయాడంటే తీసినట్టే గదా. తండ్రి లేని పిలగాడు, నేను సరిగా పెంచలా. నీకు పుణ్యముంటది వీరబాబూ, ఇక ఆ సంగతి ఎవరు అడిగినా చెప్పమాక."

చేతులు జోడించినట్టుంది. గాజులు కలిసిన చప్పుడు వినబడింది.

తరవాత పెద్ద శబ్దమైంది. కంగారుపడి పరిగెత్తాను. వీరబాబు కుర్చీలోంచి జారి ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఉన్నాడు. ఏడుపులో మాటలు తెలియడం లేదు. "వాడు తియ్యలా పిన్నీ, పసుపు పిన్నీ, నేనే రాశా" అంటున్నాడు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకూ కాలేదు. నీళ్లు తాగించి, మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. జానీబీ అంతా వింది. వీరబాబుని ఒక్క మాట తిట్టలేదు.

"అయితే నేను నా బిడ్డని ఊరికే అడిగానా?" అంది. అని, కొంగు నెత్తి మీదకి లాక్కుని గబగబా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆదెయ్య టీకొట్టు ముందు బెంచీ ఎక్కి నిలబడ్డాడు వీరబాబు. మైకు అక్కర్లేని గొంతు. బాజీ దేవుడి లాంటోడు, నేనే దరిద్రుణ్ణి, కార్డు గీతలకి పసుపు పూసి ఆణ్ణి దొంగని చేశాను అని అరిచి చెప్పాడు. జనం మొదట బిత్తరపోయారు, తరవాత నవ్వారు. పడీపడీ నవ్వారు. బస్సులో వాళ్లు దిగివచ్చి మరీ ఏమిటని అడిగి నవ్వారు. ఆ నవ్వంతా నెత్తిన వేసుకుని, దిగమన్నా దిగకుండా నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. కోపం ఉంది, జాలి కూడా ఉంది. శ్యామ్ సుందర్‌గారి దగ్గరికీ వెళ్లాడు, వెంకటనారాయణగారి ఊరికీ వెళ్లాడు. అందరూ నవ్వి, భుజం తట్టి పంపించారు. ఒంగోలు వాళ్ల పని అప్పటికే సగం అయిపోయింది.

బాజీ కూడా నవ్వాడు. "పసుపేందిరా, ఏబ్రాసోడా" అని వీపు మీద ఒక్కటిచ్చాడు. టీ తాగించాడు. ఇక అంతా సర్దుకుందని నేనూ అనుకున్నాను.

ఎండలు ముదిరాక వీరబాబు కంప్యూటరు మళ్లీ మొరాయించింది. కబురు పెడితే బాజీ అప్పటికప్పుడే వచ్చాడు. కానీ చొక్కా చేతులు మడవలేదు. స్టూలు దూరంగా జరుపుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మూత తియ్యి. ఆ పక్క రెండు స్క్రూలున్నాయి, ముందు అయ్యి ఇప్పు" అన్నాడు.

"నువ్వు తియ్యరా" అన్నాడు వీరబాబు.

"లేదులేరా. ఇప్పుడు ఎవరిదైనా ఇంతే. నేను చెబుతా, ఆళ్ల చేత్తో ఆళ్లే తీసి ఆళ్లే పెట్టుకుంటారు. గొడవుండదు."

మామూలుగానే చెప్పాడు, కోపం లేదు. కావాలని అంటే బాగుండేది, వీరబాబు ఆ మాట పడేవాడు. వీరబాబు స్క్రూడ్రైవరు తీసుకుని కింద కూర్చున్నాడు. రెండో స్క్రూ జారి బల్ల కిందకి దొర్లింది. దాన్ని పట్టుకోవడానికి బాజీ చెయ్యి చటుక్కున ముందుకొచ్చింది. వచ్చి, మధ్యలోనే ఆగి, మళ్లీ ఒళ్లోకి పోయింది. వీరబాబు బల్ల కింద దూరి చాలాసేపు స్క్రూ వెతుకుతూనే ఉన్నాడు.